తెల్ల సంచిలో కట్టండి

సభను నడిపిస్తున్న మా యేసుప్రసాద్ మాస్టారికి, ముప్పై నాలుగేళ్ళు నాకు అన్నం పెట్టిన ఉరుకుందప్ప వస్త్రాలయం సావుకారు శ్రీనివాసులు గారికి, వారి అబ్బాయి భూపేష్ బాబుకు, కర్నూలు వర్తక సంఘం పెద్దలకు, నాతో పాటు గుడ్డలు విప్పి, మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, ముందు వరసలో కూర్చుని నేను ఎక్కడ నోరు జారుతానోనని ఇప్పటినుంచే కంగారు పడుతున్న మా ఇంటావిడ హుస్సేన్ బీకి, పేరుపేరునా నమస్కారాలు, సలాములు.

నన్ను పనినుంచి సాగనంపుతూ ఇప్పుడే నా భుజాల మీద శాలువా కప్పారు. శానా సంతోషం. అయితే ఒక్క మాట. ఈ శాలువా మన రెండో అంతస్తులో నా కౌంటర్ నుంచి వచ్చిందే. నిన్న మన బిల్లు కౌంటర్ యామిని వచ్చి "మామా, మంచిదొకటి తీసియ్యండి, ఎవరికో సన్మానమంట" అంటే నేనే ఎంచి ఇచ్చాను. ధర కూడా నాకు తెలుసు, చెప్పను. (నవ్వులు) ఇన్నేళ్ళుగా సన్మానాలకు శాలువాలు అమ్ముతున్నాను గానీ, కప్పుకుంటే మెడ దగ్గర ఇంతగా గుచ్చుకుంటుందని ఈ రోజే తెలిసింది. ఇన్నాళ్ళూ నా శాలువాలు కప్పించుకున్న పెద్దలు నన్ను మన్నించాలి. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన భూపేష్ బాబు ఒక సంగతి చెప్పి మిమ్మల్నందరినీ నవ్వించాడు. మన దుకాణంలో ఎక్కువసార్లు కొన్నది ఎవరని కంప్యూటర్‌ని అడిగితే డాక్టర్లూ కాంట్రాక్టర్లూ ఎవరూ రాలేదట, మొట్టమొదటి పేరు రబ్బానీ అని వచ్చిందట. మూడేళ్ళలో నా ఫోన్ నంబర్ మీద నాలుగు వందల పైచిలుకు బిల్లులు. "జీతమంతా మా దుకాణంలోనే పెట్టిన మనిషి" అన్నాడు, మీరు చప్పట్లు కొట్టారు, నేనూ నవ్వాను. కానీ ఆ బిల్లుల వెనక ఒక సంగతి ఉంది. అది బాబుకు తెలుసు, నాకు తెలుసు, మా ఇంటావిడకు తెలుసు. నవ్వించే భాగం తను చెప్పి, మిగతాది నాకు వదిలేశాడు. కొంచెం పొద్దు పడుతుంది. వెనకాల భోజనాలు సిద్ధమైనట్టు బిర్యానీ వాసన వస్తూనే ఉంది, అయినా ఓపిక పట్టండి.

ఇక్కడున్న పిల్లలకు తెల్ల సంచి అంటే తెలీదు. పెద్ద సావుకారు ఉరుకుందప్ప గారు, అంటే శ్రీనివాసులు గారి నాయన, ఉన్న రోజుల్లో మన దుకాణంలో రెండు రకాల సంచులు ఉండేవి. ఒకటి పసుపుపచ్చది, దాని మీద ఎర్ర అక్షరాలతో దుకాణం పేరు. రెండోది ఒట్టి తెల్ల గుడ్డ సంచి, దాని మీద పేరూ లేదు, ఊరూ లేదు. అది గల్లా కింద అరలో ఉండేది. ఎవరైనా ఆడమనిషి బేరం ముగిశాక గొంతు తగ్గించి "తెల్ల సంచిలో కట్టప్పా" అన్నదంటే, ఆ మాటకు మాలో ఒక కట్టుబాటు ఉంది. బిల్లు సంచిలో వేయకూడదు. రేపు ఆమె బజార్లో ఎదురైతే "ఏమ్మా, చీర నచ్చిందా" అని పలకరించకూడదు. ఆమె ఇంటాయన వచ్చి అడిగినా, అత్త వచ్చి అడిగినా మనకేమీ తెలీదు. ఎందుకమ్మా అని ఆమెను అడగనే కూడదు. అత్తగారింట్లో చెప్పకుండా చెల్లెలికి పెట్టుకునే చీర కావచ్చు, ముచ్చటపడి తనకే కొనుక్కున్న మంచి రవిక గుడ్డ కావచ్చు, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పని కడుపు కావచ్చు, జబ్బు కావచ్చు.

నేను చేరిన మొదటి నెలలో జరిగింది చెబుతాను. నందికొట్కూరు దిక్కు మనిషి ఒకాయన, మీసాలు ఇంతింత, గడపలోనే నిలబడి అడిగాడు. "ఏం సావుకారూ, మా యింటిది నిన్న ఈడికి వచ్చినాదా?" పెద్ద సావుకారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "ఏమోనప్పా, నాకు చూపు సరిగా ఆనడంల్యా, ఎవురొస్తాండారో ఎవురు పోతాండారో అంతా మసక" అన్నాడు. ఆ మీసాలాయన అటు పోయాడో లేదో, అవే కళ్ళు, అద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి, హాలు ఆ చివర నేను మడుస్తున్న పంచె చూసి "రబ్బానీ, అంచు కాడ పోగు తెగిండాది, పక్కన పెట్టు" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

మాస్టారూ, మీరు అంతగా నవ్వకండి. మీరూ ఒకసారి తెల్ల సంచి అడిగారు. (నవ్వులు) భయపడకండి, ఏ సంవత్సరమో కూడా చెప్పను. (పెద్దగా నవ్వులు)

సరే. మూడేళ్ళ కిందట భూపేష్ బాబు చదువు ముగించి వచ్చి, దుకాణాన్ని నాలుగు అంతస్తులు చేసి, ఏసీలు పెట్టి, లిఫ్టు పెట్టి, బిల్లు కౌంటర్లో కొత్త కంప్యూటర్ పెట్టాడు. ఆ కంప్యూటర్‌కు ఒక మొండిపట్టు ఉంది, ఫోన్ నంబర్ కొట్టందే బిల్లు ఇవ్వదు. యామిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా "నంబర్ చెప్పండి, నంబర్ చెప్పండి" అంటూనే ఉంటుంది. మగవాళ్ళు గడగడా చెప్పేస్తారు. ఆడవాళ్ళలో కొందరు భర్త నంబర్ చెబుతారు, కొందరు కొడుకుది చెబుతారు. తెల్ల సంచి అడిగేవాళ్ళు మాత్రం అక్కడే నిలబడిపోయి నా దిక్కు చూసేవాళ్ళు.

ఒకసారి ఆత్మకూరు నుంచి ఒక పెద్దామె వచ్చింది. "నంబర్ ఇస్తే యేమయితాది నాయనా?" అని అడిగింది. "నువ్వేం కొన్నావో చూసి, అట్లాంటివే ఇంకా కొనమని మెసేజీలు పంపుతారమ్మా" అన్నాను. "ఆ ఫోను నా కొడుకు చేతిలో ఉంటాది" అని, తీసుకున్న గుడ్డ మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. ఆ పెట్టడం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. "యామినీ, నాది కొట్టమ్మా" అన్నాను. ఆ రోజు మొదలు, తెల్ల సంచి అడిగిన ప్రతి ఆడమనిషికీ నా నంబరే. సంచులు మాత్రం అప్పటికే పోయాయి, ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి, నేను కవరును తిరగేసి ఇచ్చేవాణ్ణి. అదీ నా నాలుగు వందల బిల్లుల కథ. సావుకారు గారూ, మీ కంప్యూటర్‌ని నేను మూడేళ్ళు మోసం చేశాను. జీతంలో పట్టుకునేదేమైనా ఉంటే ఈ సాయంత్రంలోగా పట్టుకోండి, రేపటినుంచి నేను దొరకను. (నవ్వులు)

ఆ తర్వాత నా ఫోన్ చూడాలి మీరు! నాకు కడుపుతో ఉన్నవాళ్ళ గౌన్లు పంపించారు. ఎల్‌కేజీ యూనిఫారం పంపించారు. ఒంటిమిట్ట కల్యాణానికి పట్టు పంచెలు సిద్ధంగా ఉన్నాయి రబ్బానీ గారూ అన్నారు. పెళ్ళికూతురు ఓణీ చూడమన్నారు. కమలాపురంలో ఉండే మా అల్లుడు ఇలియాస్ పండగకు వచ్చి నా ఫోన్ తీసి చూసి, "మామా, మీకు నెలలు నిండినాయంట, ఆస్పత్రికి పోదామా?" అన్నాడు. ఇంట్లో నా ఫోన్ మోగితే అదొక ఆట. ఇంతమంది ఆడవాళ్ళ గుట్టు నా ఒక్కడి ఫోన్లో పడి గంగలో కలిసిపోతోంది గదా అని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది. అవన్నీ అబద్ధపు మెసేజీలు, ఒక్కటీ నాది కాదు. చదవడం, నవ్వడం, తీసెయ్యడం.

యామినీ, కొంచెం మంచినీళ్ళు ఇయ్యమ్మా.

పోయిన ఆషాఢంలో మెసేజీల రకం మారింది. మెత్తటి నూలు నైటీలు, ముందు గుండీలవి, "మీరు కోలుకునే రోజుల్లో మేము తోడు, రెండోది కొంటే సగం ధరకే" అని వచ్చింది. ఏదో స్కానింగ్ సెంటర్ వాళ్ళది వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్ళది వచ్చింది. ఒక రోజు విగ్గు బొమ్మ వచ్చింది. ఆడవాళ్ళ విగ్గు, ఇక్కడిదాకా ఉంది. దాన్ని తీసుకుపోయి ప్యాకింగ్ దగ్గర ఉన్న మన రంగన్నకు చూపించాను. "చూసినావా రంగన్నా, నా బట్టతల సంగతి వీళ్ళకు గూడా తెలిసిపొయ్యిండాది" అన్నాను. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. రంగన్నా, గుర్తుందా? గుర్తుంటుంది లే.

శ్రావణం వచ్చింది. గుడ్డల దుకాణానికి శ్రావణం అంటే మీకు చెప్పాలా, ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఆ మెసేజీలతో పాటు కంపెనీల కాల్స్ కూడా ఆగక, మా అమ్మాయి ఆస్మా ఫోన్ చేస్తే కూడా కలవడం లేదు. ఆస్మా అప్పుడు మా ఇంట్లోనే ఉంది, కాన్పుకు వచ్చింది, నెలలు నిండినాయి, ఏ గడియలో పిలుస్తుందో తెలీదు. అందుకని రెండో సోమవారం నేనే భూపేష్ బాబు గదికి పోయి దొంగతనం ఒప్పుకున్నాను. బాబు కోప్పడలేదు. నవ్వి, కంప్యూటర్ నా వైపు తిప్పి, "ఏవి మీ సొంతం, ఏవి ఊరోళ్ళవి చెప్పండి మామా, ఊరోళ్ళవన్నీ తీసేపిస్తా" అన్నాడు. నేను ఒక్కొక్కటీ చెబుతున్నాను. ఇది నాది కాదు, ఇది నాది కాదు, ఇది నాది కాదు.

ఒక బిల్లు దగ్గర బాబు ఆగాడు. "ఇది మీరు వేయించింది గాదు మామా. మూడో అంతస్తు, ఆడోళ్ళ సెక్షన్. స్టాఫ్ డిస్కౌంట్ గూడా పడిండాది. మీ ఇంటోళ్ళదే."

శుక్రవారం, పదకొండు నలభై. నేను జుమ్మా నమాజుకు బయలుదేరే సమయం. మూడు ముందు గుండీల నైటీలు. కుట్టు లేని నూలు టోపీలు రెండు. ఎదకు ఒక పక్క ప్యాడ్ పెట్టుకునే లోబట్ట ఒకటి.

నేను గుడ్డల మనిషిని. ఎవరు ఏం కొంటే ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పగలను. ఆ మూడూ కలిపి ఎవరు కొంటారో నాకు తెలుసు, ఆస్పత్రి చీటీ చేత్తో పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకు నా చేతులతో తీసి ఇచ్చాను. అప్పుడు చూశాను, ఆ బిల్లు పక్కన కంప్యూటర్ తనంతట తానే ఒక చిన్న ఆకుపచ్చ చీటీ తగిలించుకుంది. ఇంగ్లీషులో ఉంది. అదేంటి బాబూ చదువు అన్నాను. బాబు మొదట కళ్ళతోనే చదువుకున్నాడు. మళ్ళీ అడిగితే చెప్పాడు. యాభై దాటిన మహిళ, రొమ్ము కేన్సర్, ఆపరేషన్‌కు ముందు.

భూపేష్ బాబు కంప్యూటర్‌ను తన వైపు తిప్పేసుకున్నాడు. "మామా, ఇది నేను పెట్టింది గాదు. ఈ సాఫ్ట్‌వేర్ అమ్మినోళ్ళు పెట్టినారు. ఇట్లాంటిది ఉండాదని నాకే తెలీదు మామా" అన్నాడు. నిజమే చెప్పాడు. హుస్సేన్ బీతో ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. పొద్దున ఆమె చేతి జొన్నరొట్టె తిని వచ్చాను. నాకు తెలీదు. మోకాళ్ళ నొప్పికి మందు తెచ్చుకుంటానని రెండు మూడుసార్లు పెద్దాస్పత్రికి పోతే, ఆటోకు చిల్లర ఉందా అని అడిగాను తప్ప ఇంకేమీ అడగలేదు. నాకు తెలియనిది ఎక్కడో ఊరు పేరు తెలియని కంపెనీకి తెలుసు. స్కానింగ్ సెంటర్‌కు తెలుసు. ఇన్సూరెన్స్ వాళ్ళకు తెలుసు. విగ్గుల వాళ్ళకు తెలుసు, నేను ఆ విగ్గు చూసి నవ్వాను.

ఈ మాటలు ఇంతమందిలో చెప్పడానికి హుస్సేన్ బీని అడిగాను. నాలుగు రోజులు ఒప్పుకోలేదు. నిన్న పొద్దున "చెప్పు, అయితే యేడుపు మొగం పెట్టకుండా చెప్పల్ల" అన్నది. అందుకని ప్రయత్నం చేస్తున్నాను.

ఆ మధ్యాహ్నమే ఇంటికి పోయాను. ఆస్మా పడుకుని ఉంది. ఆ పిల్ల వినేటట్టు మాట్లాడే పని కాదు. "బీ, మిద్దె మీద మిరపకాయలు యెండినాయేమో చూద్దాం రా" అన్నాను. ఇన్నేళ్ళుగా మిరపకాయల జోలికి పోని మొగుడు ఆ మాట అంటే ఆమెకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. ఎండలో నిలబడ్డాం. నేను అడిగాను. ఆమె మొదట అన్నది ఇది:

"ఎవురు చెప్పినారు నీకు?"

"దుకాణంలో కంప్యూటర్."

"నేను ఎవురికీ చెప్పలేదే! మొగం కప్పుకోని పోయినా. నువ్వు మసీదుకు పొయ్యే టైము చూసుకోని పోయినా. యామిని కౌంటర్ కాడికి గూడా రాలేదు, మూడో అంతస్తులోనే బిల్లు వేయించినా."

"స్టాఫ్ డిస్కౌంటుకు నా నంబర్ ఇచ్చినావు గదా, బీ."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. "ఆషాఢం తగ్గింపు మీద ఇంకో పది పర్సెంటు వస్తాదన్నారు. ఊరికే పోగొట్టుకోవడం యెందుకని..." (నవ్వులు, ఆగి) నవ్వండి, మేమూ నవ్వాం. నవ్వుతూనే ఆమె మిరపకాయల మధ్య కూలబడి ఏడ్చింది. జబ్బు వచ్చిందని ఏడ్చిందనుకున్నాను. అదేం కాదు.

"ఆస్మా కాన్పు అయ్యేదాకా ఆగుదామనుకుంటి. బిడ్డను నీ వొళ్ళో పెట్టి, అప్పుడు చెప్పాలనుకుంటి. యేడ్చినా, కోప్పడినా, చేతిలో బిడ్డ ఉంటాది గదా, నిమ్మళిస్తావని. యే మాట ముందు చెప్పాల, యే మాట తర్వాత చెప్పాల అని నెలదినాల నుంచి పొయ్యి కాడ కూచోని అనుకుంటా ఉండా. ఆ మాట నా నోట్లోనే ఉండె. నీకు అదెవురో ముందే చెప్పేసినారు" అన్నది.

నిజానికి నాకు నెలరోజులుగా చెబుతూనే ఉన్నారు, నేనే నవ్వి తీసేస్తున్నాను.

ఇక్కడ కూర్చున్న వాళ్ళలో కొందరి మనసులో ఒక మాట మెదిలి ఉంటుంది, నాకు తెలుసు, నా మనసులో కూడా మెదిలింది. ఆ మెసేజీని నమ్మి ఉంటే నెల ముందే ఆమెను ఆపరేషన్‌కు తీసుకుపోయేవాణ్ణి గదా, ఫోన్ మేలే చేసింది గదా అని. ఆ నెల రోజుల గురించి డాక్టరమ్మ ఏమన్నదో అది మా ఇద్దరి మధ్య ఉండనివ్వండి. కానీ నేను ఆ మెసేజీలు మళ్ళీ మళ్ళీ చదివాను. ఒక్కదాంట్లో కూడా "రబ్బానీ, నీ పెళ్ళానికి బాగలేదు, పక్కన కూర్చో" అని లేదు. ఆ కంప్యూటర్‌కు ఆమె జబ్బు తెలుసు. తెలిసి, రెండోది కొంటే సగం ధర అన్నది. ఈ రోజుకూ ఆ మాట తలుచుకుంటే అన్నం సయించదు.

నాకూ ఊరందరి గుట్టూ తెలిసేది గదా, నేను మాత్రం తక్కువా? ఆస్పత్రి చీటీ పట్టుకుని ఒకామె వస్తే నేనేం చేసేవాణ్ణి? స్టూలు జరిపి కూర్చోమనేవాణ్ణి. రంగన్నతో నీళ్ళు తెప్పించేవాణ్ణి. ఉన్న వాటిలో మెత్తటిది వెతికి, ఒకటి చాలమ్మా, ముందు ఇది వాడి చూడు అనేవాణ్ణి. రెండోది అంటగట్టలేదు. సాయంత్రం ఇంటికి పోయి హుస్సేన్ బీకి కూడా చెప్పేవాణ్ణి కాదు. పెద్ద సావుకారు నేర్పిన వ్యాపారం అది, దానితోనే ఆయన ఈ నాలుగంతస్తులకు పునాది వేశాడు.

ఆపరేషన్ అయింది. మందులు ఎక్కించడం చాలామట్టుకు అయింది. ఇంకా రెండుసార్లు పోవాలి. మా మనవరాలు శిరీన్‌కు ఇప్పుడు ఏడో నెల, అదిగో, వాళ్ళ అవ్వ తల గుడ్డ పట్టుకుని లాగుతోంది. హుస్సేన్ బీ ఆస్పత్రిలో ఉండగా ఒక రోజు మంచం పక్కన కూర్చుని ఉంటే నా ఫోన్‌కు మన దుకాణం నుంచే మెసేజీ. "రబ్బానీ గారూ, మీరు మా దుకాణానికి వచ్చి చాలా రోజులైంది." నేను సెలవు పెట్టింది మూడు రోజులే! (నవ్వులు) భూపేష్ బాబు ఆ కంపెనీతో ఎన్నిసార్లు కొట్లాడాడో నాకు తెలుసు. మన దగ్గరున్నది తీసేశారు. కానీ మన దగ్గర నుంచి ఎక్కడెక్కడికి పోయిందో అది మాత్రం వెనక్కి తేలేమన్నారట. ఈ పొద్దున కూడా విగ్గుల వాళ్ళు సలాం చెప్పారు.

సావుకారు గారూ, నాకు ఈ జ్ఞాపిక ఇచ్చారు, గోడ గడియారం ఇచ్చారు, మంచి మాటలు చెప్పారు. మీ దగ్గర ఏ రోజూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఈ రోజు అడుగుతున్నాను. నంబర్ లేకుండా బిల్లు ఇచ్చే వీలు ఆ కంప్యూటర్‌లో పెట్టించండి. చెప్పాలనుకున్న వాళ్ళు చెబుతారు, వద్దనుకున్న వాళ్ళు గుడ్డ తీసుకుని పోతారు. తగ్గింపు కోసం మా ఆవిడ చేసిన పని రేపు మీ ఇంట్లో ఆడవాళ్ళూ చేస్తారు. సావుకారు గారు తల వంచుకున్నారు, అది అవునో కాదో నాకు ఇక్కడినుంచి కనబడడం లేదు, నాకూ చూపు సరిగా ఆనడం లేదు. (నవ్వులు, చప్పట్లు)

చివరగా ఈ పొద్దున సంగతి చెప్పి కూర్చుంటాను. సభకు వచ్చే ముందు మన దుకాణానికే పోయి, కౌంటర్‌కు ఇవతల నిలబడి, హుస్సేన్ బీ కోసం ఒకటి కొన్నాను. ముప్పై నాలుగేళ్ళలో ఇటు పక్క నిలబడడం అదే మొదటిసారి. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. యామిని తల ఎత్తకుండానే అలవాటుగా "నంబర్ చెప్పండి" అన్నది, తర్వాత నన్ను చూసి నాలుక కరుచుకున్నది. "ల్యా తల్లీ, నాకు నంబర్ లేదు" అన్నాను. కంప్యూటర్ కదలదు. నా వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. యామిని అటూ ఇటూ చూసి "నాది కొడతా మామా" అన్నది. "వద్దమ్మా, నేను పడ్డది చాలు, నీకు యెందుకు" అన్నాను. ఈ మాటలు విని లోపలి నుంచి భూపేష్ బాబు వచ్చాడు. యామిని భుజం మీదుగా వంగి తన నంబర్ కొట్టాడు. రేపటినుంచి బాబు ఫోన్ మోగితే ఎవరూ నవ్వకండి. (నవ్వులు, చప్పట్లు)

రంగన్న అంతలో అటక ఎక్కి దిగాడు. ఎన్నేళ్ళ కిందటిదో, మడతల దగ్గర పసుపు బారి, ఒక తెల్ల సంచి దొరికిందట. నేను అడగలేదు, వాడే దులిపి, వాడే కట్టి ఇచ్చాడు.

ఆ సంచి ఇప్పుడు ముందు వరసలో మా ఇంటావిడ ఒళ్ళో ఉంది. వేదిక ఎక్కే ముందు ఆమె చేతికిచ్చి, ఇంటికి పోయేదాకా విప్పొద్దన్నాను. ఏం రంగో, ఏం అంచో, అసలు చీరో కాదో ఆమెకు తెలీదు. ఇంతవరకూ ఏ ఫోనూ ఆమెకు చెప్పలేదు. బీ, ఇంకొంచెం సేపు అట్లాగే పట్టుకో. ఇంటికి పోయినాక మిద్దె మీద నేను చెబుతాను.

ఇంతసేపు ఆకలి ఓర్చుకుని విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మీ ఇళ్ళ కబుర్లు నా దగ్గర శానా ఉన్నాయి, అవన్నీ నాతోనే వస్తున్నాయి. సెలవు.